మొగిలి కనుమలో నా మొదటి కాఫీ

డెబ్బైల చివర్లో, నాకు పెళ్ళయిన రెండో నెలలో జరిగిందిది. మా మామగారు వయసులో ఉండగా చిత్తూరు బెల్లాన్ని ఎద్దుల బండ్లలో మొగిలి కనుమ దాటించి మైసూరు వైపు తీసుకెళ్ళేవారు. ఆ పాత బండిబాట కొత్త కోడలికి చూపించాలని ఒక ఆదివారం నన్నూ అత్తమ్మనూ బస్సులో తీసుకెళ్ళారు.

బస్సు దిగి నడుస్తూ కనుమ ఎక్కేసరికి అందరికీ నోరెండిపోయింది. వాళ్ళిద్దరూ బాట చూస్తూ ముందుకెళ్ళారు. సంచిలో గిన్నె, కాఫీపొడి, బెల్లం, సీసాలో కాసిని నీళ్ళు ఉన్నాయి. కాఫీ పెట్టి మార్కులు కొట్టేద్దామనుకున్నాను. దారిపక్కన రాళ్ళకుప్ప కనబడితే, మూడు రాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టి చితుకులు అంటించాను.

పొగ చూసి వెనక్కొచ్చిన అత్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఏం పని సేసినావమ్మా, అవి మొక్కుబడి రాళ్ళు" అంది. బండి క్షేమంగా కనుమ ఎక్కితే ప్రతి వర్తకుడూ అక్కడొక రాయి పెట్టి దండం పెట్టుకునేవాడట. తిరుచానూరులో పెరిగిన నాకేం తెలుసు? నీళ్ళేమో మరుగుతున్నాయి, దించాలో వద్దో తెలియదు.

మామగారు వచ్చి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నారు. "కాఫీ కానీమ్మా" అన్నారు.

తాగాక, మసిబారి చల్లారిన రాళ్ళను తనే కుప్పమీద పెట్టి దండం పెట్టుకున్నారు. "ఇన్నేండ్లు రాళ్ళు పెట్టినాను, నావి యాడుండాయో నాకే తెలీదు. నీవి మాత్రం ఎవురైనా గుర్తుపడతారు" అన్నారు నవ్వుతూ.

ఇప్పుడు నాకూ ఒక కోడలుంది. తనేదైనా పొరపాటు చేసి బిక్కమొహం వేస్తే, ముందు కాఫీ పెట్టమంటాను.