సగం చందమామ, ఎర్రమట్టి కొమ్ము

నా చిన్నప్పుడు జరిగిన వాటిలో తేదీ, గంట, వాతావరణం మూడూ కచ్చితంగా చెప్పగలిగిన సంగతి ఒక్కటే ఉంది. అది 1969 జూలై 21, సోమవారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. మధ్యాహ్నం పడిన జల్లు రెండున్నరకు వెలిసింది. పడమట ఎండ కాస్తుండగా, ఆగ్నేయాన తెల్లని సగం చందమామ కనిపిస్తోంది. పక్కింటి వసారాలో గోడగడియారం ఉండేది కనుక గంట విషయంలో నాకు సందేహం లేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ళం. మా వీధి దాటితే అప్పట్లో ద్రాక్షతోటలే. ఇప్పుడు ఎల్‌బీ నగర్ కూడలి ఉన్న వైపుగా విజయవాడ బస్సులు పోతుంటే వాటి వెనుక లేచే దుమ్ము మా డాబా మీదికి కనిపించేది. పక్కింటివాళ్ళది తెనాలి. ఆ ఇంటి పెద్దాయన ప్రభుత్వోద్యోగి. వారి అమ్మాయి బీఎస్సీ చదువుతుండేది. ఆమెను నేను అక్క అనేదాన్ని.

అది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం సాగుతున్న ఏడాది. బడులూ కాలేజీలూ నెలల తరబడి సరిగా నడవలేదు. చదువు పాడవుతుందని అక్క తన వసారాలో వీధి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. తొలుత పదహారుమందిమి ఉండేవాళ్ళం. పెద్దల మధ్య మాటలు తగ్గిన కొద్దీ పిల్లలూ తగ్గారు. ఆ సోమవారానికి మిగిలింది నేనూ, మా తమ్ముడూ. ముందురోజే పెద్దాయన ఇంట్లో తేల్చి చెప్పేశారు: పిల్లలే గడప తొక్కడం మానేశాక ఇక్కడ పనేమిటి, బుధవారం బస్సుకు తల్లీకూతుళ్ళు తెనాలి వెళ్ళాలి. కొత్త గది కోసం పునాది తవ్వించిన పని సగంలో ఆపేశారు. తవ్విన ఎర్రమట్టి పెరట్లో కుప్పగా, వానకు నాని పడి ఉంది. అక్క వెళ్ళిపోతుందన్న తలపుతో ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ దిగులుకు మరొక భయం తోడైంది. మనుషులు చందమామ మీద కాలు పెట్టారని ఆ ఉదయం రేడియో చెప్పింది. వెలుగు భాగంలో, కోసినట్టున్న గీతకు దగ్గరలోనే దిగారని అక్క వివరించింది. నేను ఆకాశం వంక చూశాను. చందమామ సగమే ఉంది. కాలు జారితే ఆ అంచు నుంచి ఎక్కడికి పడిపోతారు, అసలు ఎలా నిలబడ్డారు అని అక్కను అడుగుతుండగానే ఏడుపు ముంచుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే మా చిన్నాయన ప్రహరీ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. ఆయన కాలేజీ విద్యార్థి, ఉద్యమంలో తిరిగే మనిషి. సభ నుంచి అప్పుడే వచ్చినందున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉన్నాడు.

"పోరి అడిగిందాంట్ల తప్పేముంది? గా సగం ముక్క మీద ఎట్ల నిలవడ్డరు టీచరమ్మా?"

"ముక్క కాదండీ అన్నయ్యగారూ. ఇటొచ్చి చూడండి. గోడ అవతల నుంచి లెక్క తేలదు."

"ఒస్త. తప్పయితే ఒప్పుకోవాలె మల్ల!"

అక్క ఎర్రమట్టితో నిమ్మకాయంత ఉండ చేసింది. నా చేతికిచ్చి, చేయి చాచి సరిగ్గా చందమామ పక్కన ఉన్నట్టుగా పట్టుకోమంది. పడమటి ఎండ ఉండకు ఒక పక్కనే తగులుతోంది. ఆకాశంలో ఎటువైపు సగం వెలుగుతోందో నా చేతిలోనూ అటువైపు సగమే వెలుగుతోంది. ఉండ మాత్రం నిండుగా ఉంది. వెలుగు ఆగిన గీత దగ్గర అక్క రెండు జొన్నగింజలు గుచ్చింది. వాళ్ళకు కింద అంటే చందమామ నడిబొడ్డేననీ, అది వాళ్ళను అన్ని వైపుల నుంచీ లోపలికే లాగుతుందనీ చెప్పింది. నా ఏడుపు ఆగింది.

చిన్నాయన మాత్రం వదలలేదు. "సరే, గుండ్రమే ఎందుకైంది? రోలు లెక్క, తలుపు లెక్క ఎందుకు గాలే?"

అక్క బొటనవేలంత కొమ్ము చేసి గట్టు మీద నిలబెట్టింది. అది నిటారుగా నిలిచింది. "ఇదే మట్టితో, ఇదే రూపంలో, మీ నడుమెత్తు కొమ్ము నిలబెట్టండి. నిలిచిందా, రేపటి నుంచి పాఠాలు మానేస్తాను."

"పడితే?"

"రాని పిల్లల్ని మీరే పిలుచుకు రావాలి."

చిన్నాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆయన బలం నాకు తెలుసు కనుక అక్క ఓడిపోతుందనుకున్నాను. కొమ్ము మోకాలెత్తు దాటింది. చప్పుడుకు పిల్లలు ఒక్కొక్కరే గోడెక్కి చూశారు, ఆపైన లోపలికి దూకారు. తొడ ఎత్తుకు రాగానే కొమ్ము నడుము వంచి, మెల్లగా ఆయన చొక్కా మీదికి ఒరిగింది. రెండోసారి అడుగు వెడల్పు చేసి కట్టాడు, అదీ జారింది. మూడోసారి ఇంకా వెడల్పు చేశాడు. చివరకు మిగిలింది కొమ్ము కాదు, గుమ్మటం.

"ఏందిరా, బర్రె లెక్క బురదల పొర్లుతున్నవ్?" అని మా నానమ్మ గుమ్మం నుంచి కేకేసింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అక్క కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక ఆమె చెప్పింది: చిన్న కొమ్ము బరువును మట్టి మోయగలదు, పెద్దదాని బరువును మోయలేదు. గ్రహం మరీ పెద్దది. దాని బరువే దాన్ని లోపలికి లాగుతుంటే, ఎంతో కాలానికి రాయి సైతం ఈ మట్టిలాగే లొంగుతుంది. ఎక్కడ పొడుచుకొచ్చినా కుంగి, చివరకు గుండ్రమవుతుంది. మరీ చిన్న చందమామలు ఎక్కడైనా ఉంటే అవి గుండ్రంగా ఉండనక్కరలేదు.

ఆ మాటను నేను తరువాత సరిచూసుకున్నాను. రెండేళ్ళకు అంగారకుడి ఉపగ్రహాల ఛాయాచిత్రాలు వచ్చాయి. సుమారు ఇరవై రెండు కిలోమీటర్లున్న పెద్దది సైతం ఆలుగడ్డలాగే ఉంది. మన చందమామ అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు; అది గుండ్రం. ఎవరెస్టు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లకు లోపే. ఆకర్షణ మన భూమిలో నూటికి ముప్పై ఎనిమిది వంతులే ఉన్న అంగారకుడి మీద ఇరవై కిలోమీటర్లు దాటిన పర్వతం నిలిచింది. అక్క లెక్క ఎక్కడా తప్పలేదు.

చిన్నాయనా మాట తప్పలేదు. ఆ బురద చొక్కాతోనే వీధి చివరిదాకా ప్రతి గడప ముందూ నిలబడి, "ఓడిన, పిల్లగాండ్లను తోలుండ్రి" అని పిలిచాడు. ఆయన మాట కాదనలేక కొందరూ, ఆయన అవతారం చూసేందుకు కొందరూ వచ్చారు. ఐదున్నరకు పెద్దాయన ఆఫీసు నుంచి వచ్చేసరికి వసారాలో చెప్పులు విడిచే చోటు లేదు. ఆయన గేటు దగ్గరే ఆగారు. చిన్నాయన, "సార్, రేపు ఎన్నింటికి?" అని అడిగాడు. పెద్దాయన కూతురి వైపు చూశారు. "నాలుక్కే కదమ్మా?" అన్నారు. బుధవారం బస్సు వెళ్ళిపోయింది. అక్క అందులో లేదు.

వెలుగు ఆగిన గీతను అంచు అనుకోకూడదన్నది ఆ రోజు నుంచి నా వెంట ఉంది. ఏ మనిషైనా, ఏ ఊరైనా సగమే కనిపిస్తే మిగతా సగం చీకట్లో ఉందనుకుంటాను తప్ప లేదనుకోను.

ఆ సాయంత్రం ఆరు గంటలకు వసారాలో రెండు ప్రాంతాల పిల్లలమూ కలిసి ముప్పై నలుగురం.