ఖాళీ గడి

వికారాబాద్‌లో రైలెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆసుపత్రుల రికార్డులన్నిటినీ ఒకే పద్ధతిలో భద్రపరిచే పట్టికల్లో, ఏ గడికి ఏం అర్థమో రాయడం నా పని. పక్కన సీతాఫలాల బుట్టతో కూర్చున్న ఒక పెద్దమ్మ, ఏం రాస్తున్నావని అడిగింది.

"మనిషి దవాఖానకు వచ్చిన తేదీలు, పెద్దమ్మా. ఆ తర్వాత గడి ఖాళీగా ఉంటే జాడ తెలియదని రాస్తున్న."

"నిరుడు జ్వరమొస్తె మా ఆయనను దవాఖానకు తోల్కపోయిన. మళ్ల పోలేదు. ఇంట్ల మంచిగ కూసొని నన్ను సతాయిస్తుండు. జాడ లేదని ఎట్ల రాస్తవ్ బిడ్డా?"

ఆ మాట చెరిపేశాను. "రికార్డు లేదు, మనిషి క్షేమంగా ఉండవచ్చు" అని రాసి చదివి వినిపించాను. తాండూరులో దిగుతూ ఆమె ఒక మెత్తని పండు నా చేతిలో పెట్టింది.

ఇప్పటికీ ఖాళీ గడి ఎదురైతే, తాండూరులో ఒకాయన సీతాఫలం గింజలు ఊస్తూ కూర్చున్నట్టే అనిపిస్తుంది.