హుస్సేన్ బాషా కుడికాలు

ఆర్టీసీ బస్సులో నాలుగో వరస సీట్లో కూర్చుని, స్టీరింగ్ ముట్టుకోకుండా, డ్రైవరుకు మాటమాత్రం చెప్పకుండా, ఉత్త కుడికాలు నేలకేసి నొక్కి నిండు బస్సును నిలబెట్టేసిన మనిషి విశాఖపట్నం మొత్తం మీద ఒక్కడే. పేరు హుస్సేన్ బాషా. ఉండేది వన్‌టౌన్ కోటవీధి. నమ్మనివాళ్లు ఆ బస్సెక్కి నాలుగో వరస కిందకు వంగి చూడవచ్చు. రేకు మీద అతని మడమ అచ్చు ఇంకా ఉందట.

ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. బాషా గడ్డం మొలవక ముందు నుంచీ టూరిస్టు కారు నడుపుతున్నాడు. పుట్టగానే ఏడవలేదట, ముందు కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, దారి ఖాళీగా ఉందని తేలాక అప్పుడు ఏడ్చాడట. సబ్బవరం రోడ్డు మీది గోతులు అతని కారు చప్పుడు వినబడితే వాటంతటవే పూడుకుంటాయి. ఒకసారి గేర్లు పట్టేసి రివర్సు ఒక్కటే మిగిలితే, ఆనందపురం జంక్షన్ నుంచి హార్బరు దాకా వెనక్కే నడుపుకుంటూ వచ్చాడు. ఎదురొచ్చిన లారీలవాళ్లు ఇతను వస్తున్నాడో పోతున్నాడో తేల్చుకోలేక పక్కకు దిగి నిలబడ్డారు. వెనక సీట్లో పెళ్లికొడుకు నిద్ర మాత్రం చెడలేదు.

అంతటివాణ్ని పదిహేనేళ్ల కూతురు మహీన్ ఒక్క మాటతో రోడ్డు పక్కన పెట్టేసింది.

పదో తరగతి అయిపోయింది. ఆనందపురం అవతల ఒక కాలేజీలో సీటొచ్చింది, హాస్టల్లో ఉండి చదువుకోవాలి. వెళ్లే రోజు దగ్గర పడుతున్నకొద్దీ బాషాకు ఇంట్లో కాలు నిలవడం మానేసింది. మహీన్ పుట్టిన నాటి నుంచీ అతని కళ్ల ముందు ఒకటే బొమ్మ ఉంది. కడిగి తుడిచిన తెల్లకారు, ముందు సీట్లో కూతురు, కాలేజీ గేటు దగ్గర బ్రేకు వేసి తను దిగి తలుపు తీయడం. ఆ రోజు వచ్చేస్తోంది. దాని ముందు రెండు రోజులు పిల్లను ఎక్కడికైనా తిప్పాలని, అన్నాల దగ్గర మాట కదిపాడు.

"అరకు ఎల్దామా బేటా? ఏసీ ఏసుకుని దర్జాగా పోవొచ్చు. మినప రొట్టెలు మీ అమ్మీ కడతాది."

"వెళ్దాం," అంది మహీన్. "కానీ కారొద్దు. నువ్వూ నేనూ, రెండు రోజులు, కారు లేకుండా. భీమిలి వెళ్దాం. బస్సులో."

బాషా చేతిలో ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య చాంద్ సుల్తానా కొంగుతో నవ్వు తుడుచుకుంది.

"ఇంటి ముందు కారెట్టుకుని బస్సెక్కితే కోటవీధి కోటవీధంతా నవ్వుద్ది," అన్నాడు.

"నవ్వనీ."

"నీకు కారులో కడుపు తిప్పుద్దని కదా? ముందు సీట్లో కూకో. నిమ్మకాయ చేతిలో ఎట్టుకో. ఆ సెంటు డబ్బా తీయించేత్తాను."

"కడుపు సంగతి కాదు అబ్బూ. కారుంటే ఫోనొస్తుంది. ఫోనొస్తే నువ్వెళ్లిపోతావు. కారు లేనప్పుడు నిన్నెవరు పిలుస్తారు?"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఎందుకంటే జూకు తీసుకెళ్లి, పులి బోను దాకా నడిపించి, పులి ఇటు తిరిగే లోపల ఎయిర్‌పోర్టు బేరానికి పరుగెత్తిన తండ్రి అతనే. పోయిన రంజాన్ పండక్కి రుషికొండ ఇసుకలో చాప పరిచి, బిర్యానీ గిన్నె మూత తీసి, ఆవిరి మొహానికి తగలక ముందే "ఇప్పుడే వొచ్చేత్తాను" అని కారెక్కిన మనిషీ అతనే. తల్లీకూతుళ్లు ఆటోలో ఇంటికొచ్చారు. అతను రాయపూర్ దాకా వెళ్లి వచ్చాడు.

"ఇంకోటి," అంది మహీన్, చెయ్యి కడుక్కుంటూ. "దారిలో మన కారు ఎక్కడైనా కనబడిందా, అక్కడే దిగిపోతా. ఇంటికొచ్చేస్తా. హాస్టలుకి కూడా అమ్మీతోనే వెళ్తా. నువ్వు రానక్కర్లేదు."

"కారు కనపడదు. ఒట్టు," అన్నాడు బాషా. అన్నాక మంచినీళ్లు తాగాడు. ఆ పైన ఇంకో గ్లాసు కూడా తాగాడు.

మర్నాటి నుంచి ఏర్పాట్లు మొదలయ్యాయి. మామూలు మనుషులు బస్సు ప్రయాణానికి సంచి సర్దుకుంటారు. బాషా పెళ్లివారి బేరానికి ఎలా సిద్ధమవుతాడో అలా సిద్ధమయ్యాడు. భీమిలి దాకా ఒకసారి కారు మీద వెళ్లి దారి చూసొచ్చాడు. ప్రతి బస్టాపు దగ్గరా దిగి, బల్ల మీద కూర్చుని, గట్టిదా కాదా అని ఊపి చూశాడు. రాత్రికి పడుకోబోయేది భీమిలిలో చాంద్ సుల్తానా పిన్ని ఖుష్నుమా ఇంట్లో. ఆవిడకు ఫోన్ చేసి, మీ ఇంటి ముందు బండి తిరుగుద్దా అని అడిగాడు. ఏ బండి అని ఆవిడ అడిగితే, ఏ బండీ లేదు, ఊరికే అడిగానన్నాడు. ఆర్టీసీ కాంప్లెక్సుకు పోయి, భీమిలి బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరును కాలితో తన్ని చూస్తుంటే బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "కొంటావేటి?" అన్నాడు.

ఇంటికొచ్చాక కూడా అదే తీరు. కారు తాళం వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పడం, మేడెక్కడం, దిగడం, దర్గాకొండ వైపు చూడడం, మళ్లీ తిప్పడం.

"నికాకి కూడా ఇంత కంగారు పడనేదు మీరు," అంది చాంద్ సుల్తానా. "ఎల్లేది భీమిలండి. మక్కా కాదు."

"బస్సు దారిలో ఆగిపోతే?"

"దిగుతారు."

ఆ జవాబు అతనికి నచ్చలేదు. సాయంత్రం టాక్సీ స్టాండుకు పోయి ఎల్లారావును పక్కకు పిలిచాడు. ఎల్లారావు తోటి డ్రైవరు. బాషాకు అక్కచెల్లెళ్లు లేరు, ఎల్లారావుకు అసలే లేరు. అయినా ఇద్దరూ ఒకరికొకరు బావ.

"బావా, నువ్వు నా కారేసుకుని బస్సు ఎనకాల రావాల."

"ఏ బస్సు?"

"నాను ఎక్కే బస్సు."

ఎల్లారావు తల గోక్కున్నాడు. "కారుండగా బస్సెందుకు ఎక్కుతన్నావ్? బస్సెక్కితే కారెందుకు?"

"దారిలో బస్సు ఆగిపోద్దనుకో."

"ఇంకోటొత్తాది."

"అదీ ఆగిపోద్దనుకో. ఆడపిల్ల కూడా ఉంది."

"మరి సముద్రంలో ఒక పడవ కూడా ఎట్టమంటావేటి? రెండు పక్కలా కాపలా ఉంటాది."

"నవ్వకు బావా. పిల్ల కంట పడకూడదు. బస్సు ఎనకాలే ఉండాల. దాటకూడదు. ఒట్టెయ్."

ఎల్లారావు ఒట్టేశాడు. తప్పంతా ఇక్కడే జరిగింది. వైజాగు టాక్సీ డ్రైవరు చేత బస్సును దాటనని ఒట్టు వేయించుకోవడమంటే, చేప చేత ఒట్టు వేయించుకుని ఒడ్డున కూర్చోబెట్టడమే.

అనుకున్న రోజున బస్సు కాంప్లెక్సులో కదిలింది. మహీన్ కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంది, సముద్రం కనబడాలని. పక్కన బాషా. కదిలిన క్షణం నుంచీ అతని కుడికాలు పని మొదలుపెట్టింది. ముందు స్కూటరు అడ్డొస్తే నొక్కాడు. సిగ్నల్ దగ్గర నొక్కాడు. డ్రైవరు గేరు మార్చడం ఆలస్యమైతే ఎడమకాలు కూడా లేచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు సీటు కమ్మీ పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా దాన్ని తిప్పబోయాడు. ముందు సీట్లో ముసలమ్మ వెనక్కి తిరిగి, "ఏటి నాయినా, నన్ను కూడా తిప్పేత్తావేటి," అంది.

కండక్టరమ్మ టిక్కెట్టు చించుతూ అతని కాలు వైపు చూసింది. "నరం పట్టేసిందా అన్నా?"

"బ్రేకు వేస్తున్నాడు," అంది మహీన్.

ముసలమ్మ నవ్వింది. కండక్టరమ్మ నవ్వింది. మహీన్ పగలబడి నవ్వింది, కళ్లల్లో నీళ్లొచ్చేలా. తన పక్కన కూర్చుని కూతురు ఇలా నవ్వడం బాషా ఎప్పుడు చూశాడో అతనికే గుర్తు రాలేదు. అద్దంలోంచి చూశాడు గానీ పక్క నుంచి చూడలేదు. కాలు ఒక నిమిషం ఊరుకుంది.

రుషికొండ దాటాక సముద్రం దగ్గరకొచ్చింది. గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే తీసుకోకుండా, మహీన్ కిటికీ బయటకే చూస్తూ అంది.

"అబ్బూ, నీకొకటి చెప్పాలి. అమ్మీకి చెప్పలేదు."

"సెప్పు."

"హాస్టలంటే నాకు..."

సరిగ్గా అప్పుడు బాషా మెడ వెనక్కి తిరిగింది. కావాలని తిప్పింది కాదు. అద్దాలు చూసుకుని చూసుకుని అలవాటైన మెడ అది. వెనక అద్దంలో తెల్లకారు ఉందో లేదో చూసుకోవాలి. లేదు. ఎక్కడికి పోయాడు వీడు?

"ఏం చూస్తున్నావ్?" అంది మహీన్.

జవాబు కుడివైపు నుంచి వచ్చింది. ఊరంతా బస్సు వెనక పొగ మింగుతూ వచ్చిన ఎల్లారావుకు తొట్లకొండ దగ్గర రోడ్డు ఖాళీగా కనబడింది. ఒట్టు కొట్టుకుపోయింది. హారను మోగించుకుంటూ మహీన్ కిటికీ పక్క నుంచే తెల్లకారు దూసుకుపోయింది. వెనక అద్దం మీద ఆకుపచ్చ మాషాఅల్లా స్టిక్కరు. మూడో తరగతిలో ఉండగా మహీన్ తన చేత్తో అంటించింది. కొంచెం వంకరగా ఉంటుంది. ఊళ్లో ఏ కారుకూ అలా ఉండదు. అది చాలదన్నట్టు ఎల్లారావు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు కూడా.

మహీన్ సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

ఇదిగో, ఇక్కడే బాషా కుడికాలు నేలకేసి నొక్కింది. ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. కారు ఆగాలనో, పిల్ల ఆగాలనో, గడిచిపోయిన ఆ అరనిమిషం వెనక్కి రావాలనో తెలియదు. నొక్కింది. బస్సు మంగమారిపేట దగ్గర నిలబడిపోయింది.

మహీన్ దిగింది. వెనకే బాషా దిగాడు. బస్సు వెళ్లిపోయాక చూస్తే రోడ్డు పక్కన వల ఆరబెట్టి ఉంది, ఎండుచేపల వాసన వస్తోంది, కాస్త ముందు తెల్లకారు ఆగి ఉంది. ఎల్లారావు తలుపులన్నీ తీసి పెట్టి నవ్వుతూ నిలబడ్డాడు.

"బస్సు బాగానేదు కదా? నువ్వన్నట్టే అయింది. ఎక్కండి, ఏసీ ఏసేసాను."

మహీన్ అతని వైపు చూడకుండా రోడ్డు దాటింది. తిరిగి నగరానికి పోయే బస్సులు ఆగేది అవతలి పక్కన. అక్కడ నిలబడి, బస్సు వచ్చే దిక్కుకు మొహం పెట్టింది.

బాషా రోడ్డుకు ఇటు ఉండిపోయాడు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. బేరాలిచ్చే ట్రావెల్స్ ఓనరు.

"ఎత్తు బావా," అన్నాడు ఎల్లారావు. "బేరమేమో."

"నువ్వెత్తు." ఫోన్ అతని చేతిలో పెట్టేశాడు. జేబులోంచి రెండో తాళం తీసి అదీ పెట్టేశాడు. "కారు తీసుకుని ఎల్లిపో. ఇంటికాడ ఎట్టేయ్. ఫోన్ మా ఇంట్లో ఇచ్చెయ్."

"పిచ్చా ఏటి? దారిలో ఏటైనా అయితే?"

"ఏటైతే అదవుద్ది."

"ఓనరుకి ఏటి సెప్పమంటావ్?"

"బాషా బస్సులో ఎల్లాడని సెప్పు."

ఎల్లారావు తలుపులు ఒక్కొక్కటే మూశాడు. కారు వెనక్కి తిప్పుకుని మహీన్ ముందు నుంచే వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా బాషా చూశాడు. తర్వాత రోడ్డు దాటడానికి ప్రయత్నించాడు. నగరంలో ఎంతమందినో దాటించకుండా హారను కొట్టిన మనిషి, ఆ రోడ్డు దాటడానికి ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తూ నిలబడిపోయాడు. మహీన్ చూస్తూనే ఉంది. చూసి చూసి చెయ్యెత్తి, ఇప్పుడు రా అన్నట్టు ఊపింది.

వచ్చి పక్కన నిలబడ్డాడు. వేలికి తిప్పడానికి తాళం లేదు. చూపుడువేలు ఉత్తిగానే తిరుగుతోంది.

"ఫోనేది?" అంది.

"ఎల్లారావు పట్టుకెల్లాడు."

"ఇంటికెలా వెళ్తావు?"

"నీతో. నువ్వెటెల్తే అటు. ఈ బస్సులూ అవీ నాకు తెలీవు కదా."

దూరంగా నగరానికి పోయే బస్సు కనబడింది. దగ్గరకొస్తూ నెమ్మదించింది. డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు. బాషా కాలు కదపలేదు. మహీన్ చెయ్యెత్తలేదు. తల అడ్డంగా ఊపింది. బస్సు ఆగకుండా పోయింది.

"భీమిలి బస్సు అటుపక్క కదా ఆగేది," అంది. "దాటుదాం. నా చెయ్యి పట్టుకో."

దాటారు. బల్ల మీద కూర్చున్నారు. బాషా దాన్ని ముందే ఊపి చూసి ఉన్నాడు, గట్టిదే.

"హాస్టలంటే ఏటన్నావ్?" అన్నాడు, ఈసారి మెడ తిప్పకుండా.

"భయమేస్తోంది," అంది మహీన్.

భీమిలి బస్సులు ఒకటి తర్వాత ఒకటి వచ్చి ఆగి వెళ్లాయి. వాళ్లు ఎక్కలేదు. ఆమె చెబుతూనే ఉంది.

హాస్టలుకు కూడా బస్సులోనే వెళ్లారు, ముగ్గురూ, ట్రంకుపెట్టె సీటు కింద తోసి. బాషా ఇప్పుడు ఆదివారాలు కూతుర్ని చూడ్డానికి ఆనందపురం బస్సే ఎక్కుతున్నాడు. కాలు ఇంకా నొక్కుతూనే ఉందట, అది వేరే సంగతి. బస్సును కాలితో ఆపిన కథ మాత్రం ఎల్లారావు నోట పుట్టి, స్టాండు దాటి, కోటవీధి చుట్టి, హార్బరు దాకా పోయింది. మొన్న టీకొట్టు దగ్గర ఎవరో కుర్రాళ్లు అతని కాలు చూపించమని అడిగారు. బాషా టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఆనందపురం బస్సు వస్తోందా అని ఒకసారి చూసి చెప్పాడు.

"నాను ఆపనేదు. స్టాపొచ్చింది, ఆగింది. పిల్ల దిగింది, నానూ దిగాను. అంతే."