దానమ్మదిబ్బ ఇసుక

బాపట్ల నుంచి రేపల్లె వెళ్లే దారిలో దానమ్మదిబ్బ అనే ఊరు లేదు. రెవెన్యూ రికార్డు ప్రకారం అది జనావాసం లేని ఇసుక భూమి. ఆ లేని ఊళ్లో పన్నెండు కుటుంబాలు యాభై ఏళ్లుగా ఉంటున్నాయి. వాటిలో ఒకటి సీమోనుది. ఇళ్ల పట్టాల దరఖాస్తుకు వారు జతచేయగలిగిన ప్రభుత్వ కాగితం ఒక్కటే: 1989 నాటి భూవిజ్ఞాన పటం.

అందులోకి ఆ పేరు ఎక్కించింది సీమోనే. సర్వేవారి దగ్గర కూలీగా, నేలలోకి బరమా దించి మట్టి పైకి తీసే రోజుల్లో, "ఈ చోటునేమంటారు?" అని ఆఫీసరు జనార్దనరావు అడిగాడు. అక్కడ మొదటి గుడిసె వేసిన తన తల్లి పేరు చెప్పాడు సీమోను. "దానమ్మదిబ్బండి." గట్టిపడని ఇసుకైనా శాస్త్రానికి అది శిలావిభాగమే, దానికి స్థలం పేరే పెట్టాలి. 'దానమ్మదిబ్బ ఇసుక' అని అచ్చయింది.

ఈ ఏడాది ఆ పటాన్ని సవరించడానికి తెనాలి మీదుగా అలేఖ్య అనే ఆఫీసరు వచ్చింది.

"అప్పటి నమూనా గుంట ఎక్కడ బాబాయ్? పొరలు కళ్లతో చూస్తేనే పేరు ఉంచుతారు. లేదంటే పక్క విభాగంలో కలిపేస్తారు."

"లారీల్లో పోయిందమ్మా."

ఎవరు తవ్వుకుపోయారో అందరికీ తెలుసు. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం 'గుర్తు తెలియని వ్యక్తులు'.

"ఎక్కడా మిగల్లేదా?"

సీమోను బరమా అందుకుని ముందు నడిచాడు. మిగిలింది సమాధుల స్థలం ఒక్కటే.

తల్లి సమాధి పక్కన, అరవై ఎనిమిదేళ్ల వయసులో, మళ్లీ బరమా దించాడు. రెండు తిప్పులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"బతికుండగా మా అమ్మ పేరు ఏ ఆఫీసరూ అడగలేదమ్మా. ఇప్పుడు చూడు, ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు."

పసుపు ఇసుక, గవ్వలు కలిసిన తెల్ల ఇసుక, అడుగున నల్ల బంకమట్టి. వచ్చిన వరుసలోనే గోతం మీద పేర్చాడు. అలేఖ్య ఫొటోలు తీసి, ఒక్కో పొర నుంచి గుప్పెడు సంచిలో వేసుకుంది.

"పేరు ఉంచమనే రాస్తాను బాబాయ్. పట్టాలు మాత్రం నా చేతిలో లేవు."

"తెలుసమ్మా. ఊరే లేదనకపోతే చాలు."

సీమోను మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు బంకమట్టి, తర్వాత తెల్ల ఇసుక, పైన పసుపు ఇసుక, నేలలో ఉన్న వరుసలోనే గుంటలోకి తిరిగి పోశాడు. పైన జానెడు వెలితి మిగిలింది.

"తక్కువొచ్చినట్టుందే?" అంది అలేఖ్య.

"పటంలోకి పోయిందిలే అమ్మా," అన్నాడు సీమోను, లేవడానికి చెయ్యి చాస్తూ.