కోడూరు దారిలో, బిగిసిపోయిన రాడ్డు దగ్గర ఒక పగలు

ఒంగోలులో మా వీధి చివర పాత జీపులు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఓ సాయంత్రం తన ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. రొయ్యల చెరువు గట్టు పక్కన, గడ్డిలో సగం మునిగిన సైన్యపు బండి. ట్యాంకులాగా ఇనుప చైన్ల మీద నడుస్తూ సైనికులను మోసే రకం. సైన్యం వేలం వేశాక ఎవరో కాంట్రాక్టరు కొని, బురదలో బరువులు లాగించుకుని, పాడయ్యాక అక్కడే వదిలేశాడట. మాజీ సైనికుడు ప్రభుదాసు గారు, ఆయన భార్య సుశీల గారు దాన్ని బాగుచేస్తున్నారని చెప్పాడు. అన్నేళ్లు ఉప్పుగాలి తిన్న ఇనుము మళ్లీ కదులుతుందా అన్న కుతూహలం నన్ను నిలవనివ్వలేదు. ఫోన్ చేస్తే ప్రభుదాసు గారు, “శనివారం రామ్మా, రాడ్డు తీస్తా ఉండాం” అన్నారు.

ఒంగోలు నుంచి పొద్దున రైల్లో బయలుదేరితే రెండు గంటల్లోపే నెల్లూరు. బస్టాండుకు వెళ్లి, తోటపల్లి గూడూరు మీదుగా కోడూరు పోయే బస్సెక్కాను. గంటలోపు ప్రయాణం, టికెట్టు యాభై రూపాయలు కూడా కాలేదు. ఊరు దాటాక కాసేపు వరి మళ్లు, తర్వాత నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లతో రొయ్యల చెరువులు. బస్సు దిగగానే మస్తాన్ అనే ఆటో అతను, “బీచికా అక్కా?” అని అడిగాడు. చైన్ బండి దగ్గరికన్నాను.

“ఇయ్యాళ వచ్చి మంచి పని చేసినారు. స్థలం రమణయ్య గారిది. సోమవారం పొక్లెయిన్ పెట్టి అక్కడ చెరువు తవ్విస్తా ఉండాడు. ఆలోగా తీసుకుపోకపోతే బండి పాత ఇనుముకే.”

వెళ్లేసరికి బండిని ఒకవైపు జాకీల మీద లేపి, కింద దుంగలు పేర్చి ఉంది. ప్రభుదాసు గారు డెబ్బై దాటిన మనిషి. సైన్యంలో ఇలాంటి బండ్లకే మెకానిక్‌గా పనిచేశారట. చిక్కు ఏమిటో ఆయనే వివరించారు. ఒక్కో చక్రానికీ ఒక ఇనుప చేయి ఉంటుంది. బండి అడుగున అడ్డంగా ఆ చివర నుంచి ఈ చివరదాకా పోయే ఉక్కు రాడ్డు ఆ చేతిలో పళ్లతో దిగి ఉంటుంది. చక్రం గుంటలో పడితే రాడ్డు మెలి తిరిగి, మళ్లీ తిన్నగా అవుతుంది. స్ప్రింగు పని అదే చేస్తుందన్నమాట. ఒక చేయి వంగిపోయింది. అది మారిస్తేనే చైను ఎక్కేది, చైను ఎక్కితేనే బండి కదిలేది. చెన్నైలో పాత సామాన్ల కొట్టు నుంచి వేరే చేయి తెచ్చారు. కానీ పాతది రాడ్డును తుప్పుతో కరిచిపట్టుకుంది.

“రాడ్డు కోసేసి కొత్తది వేయకూడదా?” అని అడిగాను.

“యాడ దొరుకుతాదమ్మా? మంట తగిలినా ఉక్కు పదును పోతాది, స్ప్రింగులా పనిచేయదు. చేతికే కాక పెట్టాల, రాడ్డుకు తగలకూడదు.”

మంట పట్టుకున్నది సుశీల గారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కుడిచేయి వణుకుతుంది. ఆమె నల్లద్దాలు పెట్టుకుని, గ్యాసు మంటను ఇనుప చేతి చుట్టూ మెల్లగా తిప్పుతుంటే, ఆయన ఆ వణికే చెయ్యే ఎత్తి ఆపమనేవారు. రాడ్డు చివర ఉన్న మరల రంధ్రంలో ఒక పొడవాటి కమ్మీ బిగించారు. దాని మీద జారే ఇనుప దిమ్మెను వెనక్కి లాగి కొడితే రాడ్డు బయటికి రావాలి. మస్తాన్ కొట్టాడు, నేనూ కొట్టాను. మధ్యాహ్నమైనా వెంట్రుకవాసి కదల్లేదు.

రమణయ్య గారు బైకు మీద వచ్చి కాసేపు చూశారు. “ఎందుకన్నా ఈ తిప్పలు? గ్యాసుతో కోసి పారేయండి. సోమవారానికి నాకు స్థలం కావాల.”

“సాయంత్రం దాకా చూస్తాం రమణయ్యా. రాకపోతే నేనే చెప్తా, కోసేద్దాం,” అన్నారు ప్రభుదాసు గారు. సుశీల గారు అద్దాలు తీసి ఆయన వైపు చూశారు.

టిఫిను క్యారియర్లో ఆమె తెచ్చిన చింతచిగురు పప్పు, ఎండు నెత్తళ్ల చేపల వేపుడు అందరం తిన్నాం. “ఈ బండి మీద మీకూ ఇంత ఇష్టమా?” అని ఆమెను అడిగాను. “బండి సంగతి నాకేం తెలుసమ్మా. జబ్బు చేసినాక ఏడాది మంచం దిగలా. ఇది చూసొచ్చిన మర్నాడు తనే లేచి గడ్డం గీసుకున్నాడు,” అన్నారు.

తిన్నాక మళ్లీ మొదలుపెట్టారు. వేడి చేయడం, నూనె పోసి చల్లారనివ్వడం, కొట్టడం. నాలుగో విడతకు నా అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు దిమ్మె నా చేతిలోంచి తీసుకున్నది, వెళ్లిపోకుండా అక్కడే చూస్తూ ఉండిపోయిన రమణయ్య గారే. ఆయన కొడుతుండగా మోత మారింది. అంతదాకా ఖంగుమన్నది కాస్తా మందంగా పలికింది. ప్రభుదాసు గారు ఎడమ అరచేతిని రాడ్డు మీద ఆనించి, “ఆపొద్దు,” అన్నారు. ఇంకో నాలుగు దెబ్బలకు, ఎర్రటి తుప్పు పొడి రాలుస్తూ రాడ్డు వేలెడు బయటికి జరిగింది. తర్వాత జానెడు. పళ్లు ఒక్కటీ విరగలేదు. సుశీల గారు మంట ఆర్పేసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ గట్టు మీదే కూర్చుండిపోయారు.

పొద్దు వాలేలోగా పళ్లు శుభ్రం చేసి, గ్రీజు పట్టించి, చెన్నై నుంచి తెచ్చిన చేయి ఎక్కించి, రాడ్డు తిరిగి దూర్చారు. జాకీ దించుతుంటే బరువు చక్రం మీదికి వచ్చింది. చేయి కొంచెం పైకి లేచి, ఆగి, బండిని మోసింది. “ఎన్నాళ్లయిందో దీని కాళ్ల మీద ఇది నిలబడి,” అన్నారు ప్రభుదాసు గారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చైను ఎక్కించారనీ, రమణయ్య గారే ట్రాక్టరు కట్టి దాన్ని ప్రభుదాసు గారి దొడ్డిదాకా లాగించారనీ తర్వాత ఫోన్లో తెలిసింది. ఇంజను ఇంకా మూగగానే ఉంది.

ఇనుము కదులుతుందా అని చూడటానికి వెళ్లాను. కదులుతుంది, కానీ ఎంత కాక పెట్టాలో, ఎప్పుడు ఆగాలో తెలిసిన ఇద్దరు పక్కపక్కన ఉండాలి. తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని బొబ్బలు చూసుకుంటుంటే, ఆ రాడ్డు కంటే రెండు చేతులే ఎక్కువ గుర్తొచ్చాయి: ఎక్కడ ఆగాలో చూపించిన వణికే చేయి, అది చూసి మంట తిప్పిన చేయి. ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: చెరువుల యజమానిని అడగకుండా గట్ల మీద నడవకండి. బయటివాళ్ల కాళ్లతో రొయ్యకు తెగులొస్తుందని వాళ్ల భయం. ముందే ఫోన్ చేసి, గేటు దగ్గర మందునీళ్లలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లండి.