సగం మెట్ల మీద బియ్యం మూట

మాదేశ్వరిది పాపారపట్టి. మేస్త్రి చేతికింద ఇసుక, ఇటుకలు మోసి బతికింది. తమిళనాడులోని ధర్మపురి టౌనులో ఆమె తట్టలు మోయగా లేచిన మేడలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ అద్దెకు అడగడానికి వెళ్ళలేదు. ఇప్పుడు తప్పలేదు. కూతురు సత్యకు ఇక్కడ ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. తెల్లవారుజామున డ్యూటీ. ఆ వేళకు పాపారపట్టి నుంచి బస్సు లేదు. టౌనులో గది దొరక్కపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

బస్సు దిగుతూనే సత్య హెచ్చరించింది. "అమ్మా, ఆడ తెలుగులో నోరు తెరవాకు. పోయిన ఇంట్లో మన మాట విన్నాకనే కదా గది లేదనింది."

"తెలుగోళ్ళ ఇంట్లో తెలుగు మాట్లాడకూడదా? బాగుందిమే నీ న్యాయం!"

నవ్వుతూ అన్నా మాదేశ్వరికి సంగతి తెలుసు. ఇక్కడ ఎవరూ నీ కులమేమని అడగరు. మాట్లాడిస్తారు, అంతే. సైట్లలో పదిమంది నోళ్ళలో నలిగిన తమిళంలో ఇంటి గుట్టు చిక్కదు. ఇంట్లో పెరిగిన తెలుగు యాస అలా కాదు, ఏ వీధి నుంచి వచ్చారో చెప్పేస్తుంది. అంగళ్ళ వీధి తెలుగుది ఒక సాగదీత, ఊరి చివరి తెలుగుది ఇంకొకటి.

ఇంటావిడ కాంతామణిది తరాలుగా వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. కింద అద్దె గది, పైన వాళ్ళ కాపురం. మాటలన్నీ తమిళంలోనే సాగాయి. కవుచ్చి, అంటే మాంసం, వండుతారా? చుట్టాలు ఎక్కువ వస్తారా? మాదేశ్వరి ప్రతి ప్రశ్ననూ అటూ ఇటూ తిప్పి చూసుకొని పొట్టి జవాబులిచ్చింది. సత్య ఆసుపత్రి కార్డు చూశాక ఆవిడ మెత్తబడింది.

"సరే, శుక్రవారం పాలు కాచుకొని దిగండి." అలా అంటూనే మెట్ల కింద ఉన్న బియ్యం మూట చూపించింది. "దీన్ని కొంచెం పైకి చేర్చిపోతారా?"

మాదేశ్వరి కొంగు దోపి మూట పట్టింది. బరువు చేతికి తగలగానే నోరు అలవాటుగా తెలుగులోకి జారింది.

"సత్యా, అడుగున పట్టుమే! ఊఁ... లెయ్యి, లెయ్యి, ఎత్తూ!"

సత్య ముఖం మాడిపోయింది. సగం మెట్లెక్కారు. పైమెట్టు మీద కాంతామణి నవ్వు మొహంతో నిలబడి ఉంది.

"అయ్యో, మీరు తెలుగోళ్ళా! చెప్పనేలేదే! మాట్లాడమ్మా, వింటాను. పాపారపట్టిలో ఏ పక్క?"

"బస్టాండు దాటినాక, అక్కా."

"దాటినాక అంటే? గుడి పక్కనా, ఏటి పక్కనా?"

కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి చూసినట్టు ఆవిడ ఒక్కొక్క మాటా వింటోంది. మాదేశ్వరికి మూట కన్నా ఆ చెవి బరువుగా తోచింది.

"ఏటి పక్క, ఊరి చివర," అంది.

"ఓ..." నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. "అవునూ, మరిచేపోయినాను చూడు. మా చెల్లెలి కొడుకు ఆ గదికి వస్తానన్నాడు. తప్పుగా అనుకోవద్దు."

ఎవరూ తిట్టలేదు. ఎవరూ గెంటలేదు. పోలీసుల దగ్గరికి పోతే ఏమని రాసుకుంటారు? మా యాస విని నవ్వినారని రాసుకుంటారా?

మాదేశ్వరి మూటను మెల్లగా ఆ మెట్టు మీదనే దించింది. నడుము నిటారు చేసుకొని, దాచుకున్న యాసంతా విప్పి అంది. "మీ చెల్లెలి కొడుకు వస్తాడు కదక్కా. ఆయప్పే వచ్చి ఎత్తుకొని పోతాడులే."

తల్లీకూతుళ్ళు కిందికి దిగారు. వెనక నుంచి కాంతామణి కేకేస్తోంది, తమిళంలో. మూట మెట్లకు అడ్డంగా ఉంది, దాన్ని దాటి ఆవిడ దిగి రాలేకపోతోంది.

గేటు బయట సత్య వెనక్కి తిరిగి చూసింది. "గది పోయె కదమ్మా."

"పోయె. ఇంకో ఇల్లు చూద్దాం పద." మాదేశ్వరి కొంగు దులుపుకుంది. "ఈసారి గేటు కాడనే తెలుగులో మాట్లాడతా. లేదనేదేదో మూట ఎత్తకముందే అననీ."