ఏమస్ వదిలేసి వచ్చిన వల

ఏమస్ థర్కెటిల్ కట్టిన కంచె మీద పిచ్చుక వాలితే తీగ ఫిడేలులా మోగేదని ఇంగ్లండులో ఆ చుట్టుపక్కల సఫోక్ పల్లెల్లో చెప్పుకునేవారు. కాస్త ఎక్కువ చేసి చెప్పారనుకున్నా, తీగ లాగి బిగించడంలో అతన్ని మించినవాడు లేడన్నది మాత్రం నిజం. పాపం, వచ్చిన పని అదొక్కటే. ఆ సంవత్సరం పొలాల దొర గొర్రెలన్నీ అమ్మేశాడు. గొర్రెలే లేనప్పుడు కంచెలెందుకని ఏమస్‌ని కూడా ఇంటికి పంపేశాడు.

అతని భార్య కెజయా వంటింట్లో గొణిగితే చర్చి గోపురం మీది కాకులు లేచిపోతాయని పేరు. అలాంటి మనిషి ఈసారి పల్లెత్తు మాట అనలేదు. ఏమస్‌కి గుండె జారింది అప్పుడే. పొద్దున టర్నిప్ దుంపలు, సాయంత్రం అవే దుంపలు. పిల్లలు గిన్నెలోకి చూసి తలలు పక్కకి తిప్పుకుంటున్నారు. చలికాలం ఇంకా మొదలే కాలేదు.

ఆ ఇంటికి దిక్కంటూ మిగిలింది కెజయా తండ్రి ఓబెడ్ గారడ్ ఒక్కడే. ముసలాయన దగ్గర కుందేళ్ల వల ఉంది. అది ఎంత పొడుగంటే, ఊరికి ఈ చివర ఒక కొస పట్టుకుని తుమ్మితే ఆ చివర రెండో కొస అదిరేదట. అడవి అంచున దాన్ని నిలబెట్టి, చేలో మేస్తున్న కుందేళ్లని అదిలిస్తే, బొరియలకి పరిగెత్తేవన్నీ అందులో పడతాయి. చేనూ అడవీ దొరవి కాబట్టి, కాపలావాడి కంట పడకుండా చీకటి రాత్రుల్లోనే ఆ పని చేయాలి. అంత వలకి ఇద్దరు మనుషులు కావాలి. ఓబెడ్‌కి జోడీగా వెళ్లే జాబ్ అనే అతను ఆ మధ్యే గుండెల్లో జలుబు దిగి చచ్చిపోయాడు. ఆ చోటు మీద సైలస్ పాస్క్ కన్నేశాడు. పబ్బులో కూర్చుని, ముసలాయన వల రేపోమాపో తన భుజం మీదే ఉంటుందని చాటుకుంటున్నాడు. ఆ చోటు దొరికిన ఇంట్లో చలికాలమంతా కుండలో మాంసం ఉడుకుతుంది.

కెజయా వెళ్లి తండ్రిని అడిగింది. కూతురి మొహం చూసి కాదనలేక, అల్లుణ్ని ఈ అమావాస్య చీకట్లలో చూస్తాననీ, పనికిరాకపోతే సైలస్‌ని పిలుస్తాననీ ఓబెడ్ ఒప్పుకున్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు గాలి చేలోంచి అడవివైపు వీస్తోంది. అలాగే వీయాలి, లేకపోతే మనిషి వాసన ముందే కుందేళ్లకి తగులుతుంది. ముసలాయన వల చుట్టని చేతి మీద వేసుకుని, పక్కకి నడుస్తూ జార్చుకుంటూ పోయాడు. ఏమస్ వెనకాలే కర్రలు గుచ్చుతూ, పైతాడు తగిలిస్తూ, ప్రతి కర్ర దగ్గరా వలని శుభ్రంగా లాగి బిగించాడు. చీకట్లో చేత్తో తడిమి చూసుకుని మురిసిపోయాడు కూడా. దొర గారి కంచె కూడా అంత చక్కగా కుదరలేదు.

ఓబెడ్ చేను చుట్టి వెళ్లి అవతలి నుంచి అదిలించాడు. కుందేళ్లు బాణాల్లా వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే వలకి కొట్టుకుని, బంతుల్లా ఎగిరి వెనక్కి పడి, పక్కనుంచి అడవిలోకి దూరిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

ముసలాయన తిరిగొచ్చి వలని వేలితో మీటాడు.

"ఇదేంట్రా అల్లుడూ, కుందేళ్లకి మంచం నేశావా?"

"బిగించాను కదా మామా."

"అదేరా నీ రోగం. పైతాడు నిలబడితే చాలు. వల జోలెలా వేలాడాలి. కుందేలు అందులోకి దూకి, తనంతట తానే చుట్టుకోవాలి. లాగావంటే చేతులు విరగ్గొడతాను."

మర్నాటికల్లా ఈ మంచం సంగతి పబ్బుకి చేరింది. సైలస్ అయితే ఏమస్ కనిపించినప్పుడల్లా, దుప్పటి కూడా కప్పావా అని అడగడం మొదలుపెట్టాడు. ఏమస్ రోజంతా పెరట్లో వల పరిచి, లాగబోయే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంటూ, వదులుగా వదలడం నేర్చుకున్నాడు. ఉన్న ఒక్క విద్యనీ మర్చిపోవడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఆ అమావాస్య చీకటి రాత్రులు అయిపోవస్తుండగా ఇద్దరూ మళ్లీ వెళ్లారు. వల వేయడం అయ్యాక ఓబెడ్ అల్లుడి చెవి దగ్గర నోరు పెట్టాడు. పైతాడు మీంచి చెయ్యి తీయకూడదు, పడ్డదాన్ని పడ్డట్టే మెడ విరవాలి, అరవనివ్వకూడదు, ఏం జరిగినా వల వదిలి కదలకూడదు. అవన్నీ చెప్పి చీకట్లో కలిసిపోయాడు.

కాసేపటికి తాడు అదిరింది. ఏమస్ ఆ వైపు పాకి, వెచ్చగా కొట్టుకుంటున్న దాని మెడ విరిచాడు. ఇంకోటి పడింది. ఆ తర్వాత తాడు అదురుతూనే ఉంది, వానలో రేకు కప్పులా. ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి మోకాళ్ల మీద పాకుతూ, ఆఖరికి లెక్క కూడా మర్చిపోయాడు.

తర్వాత అంతా అణిగిపోయింది. మామ రాలేదు.

ఏమస్ తాడు పట్టుకుని పడుకునే ఉన్నాడు. ముసలాయన తనని పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాడు. ఇప్పుడు కదిలితే చోటు సైలస్‌ది. కదలకపోతే, అక్కడ ఆయనకేమైందో. గాలి తగ్గింది, చెమట చల్లబడి వెన్ను వణికింది. తాడు మీది వేళ్లు మొద్దుబారాయి. కెజయా గొణగకుండా ఊరుకున్న రోజు గుర్తొచ్చింది. తూర్పున చీకటి పలచబడుతుంటే ఇక ఆగలేక లేచాడు.

ఓబెడ్ చేను మధ్యలో, ముళ్లకంపల్లో పడి ఉన్నాడు. వలలు చిక్కుకోవాలని కాపలావాడు చేలో పాతించిన కంపలవి. కాలు చీలమండ దగ్గర పక్కకి తిరిగిపోయింది. పిలవలేదు. పిలిస్తే కాపలావాడికి వినబడుతుంది.

"వలేదీ?" అన్నాడు ముసలాయన.

ఏమస్ ఆయన్ని వీపు మీద వేసుకున్నాడు. ఇంటికి చేరేసరికి తెల్లారింది. పరుగున వెనక్కి వెళ్తే అడవి అంచున కర్రల గుంతలు మాత్రమే ఉన్నాయి.

కాపలావాడి బండి ఊరి మధ్యగా పోయింది. వల వెనక కుప్పగా పడి ఉంది. బండి కమ్మీలకి కాళ్లు కట్టి వేలాడదీసిన కుందేళ్లు, జనం తర్వాత చెప్పుకున్నదాన్నిబట్టి, చక్రాల్ని కూడా కనబడనివ్వలేదట. సైలస్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఎందుకో ఆ రోజు దుప్పటి మాట ఎత్తలేదు.

కెజయా తండ్రి కాలికి చెక్కలు కట్టింది. ఓబెడ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తెల్లారాక నేనెలాగో పాకుకుంటూ వచ్చేవాణ్ని. వల పాకుతుందట్రా? ఒక చలికాలమంతా అల్లాను దాన్ని."

ఏమస్ తల దించుకుని నిలబడ్డాడు. కెజయా పొయ్యి మీద దుంపల కుండ పెట్టింది.

"ఎన్ని పడ్డాయి?" అన్నాడు ముసలాయన, గోడతో అన్నట్టు.

"లెక్క తప్పింది మామా. తాడు ఆగలేదు."

ఓబెడ్ చెక్కలు కట్టిన కాలు సర్దుకున్నాడు.

"అయితే వల సరిగ్గానే వేశావు," అని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.